యుద్ధం తర్వాత అమెరికాలో ఇల్లు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు

గోదారిగట్టు
అందరికీ నమస్తే. మినియాపొలిస్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం, 1940ల్లో కట్టింది. మొన్న రీఫైనాన్స్ కోసం కాగితాలు తిరగేస్తుంటే లేఅవుట్ వేసినప్పటి దస్తావేజు నకలు కనిపించింది. అందులో వరసగా షరతులు. ఇల్లు రోడ్డుకి ఎంత దూరంలో ఉండాలి, గ్యారేజీ ఎటువైపు కట్టాలి, కోళ్లు పెంచకూడదు. వాటి మధ్యలో ఇంకొకటి: తెల్లజాతివాళ్లు కానివాళ్లకి ఈ స్థలం అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఇంటి పనివాళ్లుగా తప్ప వాళ్లు ఇక్కడ ఉండకూడదు.

మా ఆవిడ ఆ లైను చదివి "అంటే మనం కూడానా?" అంది. మనం కూడా.

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఇదీ. ఇలాంటివి ఎవరు రాసేవాళ్లు? ప్రభుత్వానికి తెలిసే జరిగిందా? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పాతికేళ్లలో ఈ దేశం ఇంత మారింది కదా, ఆ మార్పు ఎలా వచ్చింది? ఈ లైను ఇప్పుడు తీయించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపుస్తకం
గోదారిగట్టు గారూ, వీటిని రేసియల్ కవనెంట్లు అంటారు. 1917లో ఏం జరిగిందో ముందు చెబుతాను. కెంటకీలోని లూయీవిల్ నగరం నల్లవాళ్లు ఏ వీధుల్లో ఉండాలో, తెల్లవాళ్లు ఏ వీధుల్లో ఉండాలో చట్టం చేసింది. ఆ ఏడాది సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నగరపాలక సంస్థ చెయ్యకూడనిదాన్ని రియల్ ఎస్టేట్ వాళ్లు ప్రైవేటు ఒప్పందంగా దస్తావేజుల్లో ఎక్కించారు. ఎవరైనా షరతు తప్పి నల్లవాళ్లకి అమ్మితే, పక్కింటివాళ్లు కోర్టుకెళ్లి ఆ అమ్మకాన్ని ఆపించేవాళ్లు.

ప్రభుత్వానికి తెలుసా అని అడిగారు. తెలియడం కాదు, అడిగి మరీ రాయించింది. 1934లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పెట్టారు. బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పుకి ఇది బీమా ఇచ్చేది. ఏ ఇంటికి బీమా ఇవ్వచ్చో అధికారులకి చెప్పే మాన్యువల్‌లో ఇలాంటి షరతులు ఉంటే మంచిదని రాసుంది. అంతకు ఏడాది ముందు పెట్టిన ఇంకో సంస్థ, హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్, నగరాలకి నాలుగు రంగుల మ్యాపులు గీయించింది. ఆకుపచ్చ మంచి పేట, ఎరుపు ప్రమాదం. నల్లవాళ్లు ఉన్న పేటలు దాదాపు అన్నీ ఎరుపులోనే పడ్డాయి. రెడ్‌లైనింగ్ అన్న మాట అక్కడి నుంచే.

1948 మే 3న సుప్రీంకోర్టు షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తీర్పిచ్చింది. సెయింట్ లూయిస్‌లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం ఇల్లు కొంటే పొరుగువాళ్లు కేసు వేశారు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 6-0తో తీర్పు. మిగతా ముగ్గురు జడ్జీలు కారణం చెప్పకుండా కేసు నుంచి తప్పుకున్నారు. ఒక్క విషయం గమనించండి. అమలు చేయకూడదన్నారు గానీ రాయకూడదని అనలేదు. అందుకే ఆ తర్వాత కూడా కాగితాల మీద అవి బతికే ఉన్నాయి. ఫెడరల్ హౌసింగ్ వాళ్లు కొత్త కవనెంట్లున్న ఇళ్లకి బీమా ఆపింది 1950 ఫిబ్రవరిలో, అంటే తీర్పు వచ్చాక దాదాపు రెండేళ్లకి. ఇళ్ల విషయంలో వివక్ష చూపడమే చట్టవిరుద్ధమని చెప్పిన చట్టం 1968 ఏప్రిల్ 11న వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్‌ని మెంఫిస్‌లో కాల్చి చంపిన వారానికి.

మీ రాష్ట్రంలో 2019 నుంచి అవకాశం ఉంది. కౌంటీలో ఒక ఫారం నింపి రిజిస్టర్ చేయిస్తే, ఆ షరతు చెల్లదని మీ ఆస్తి రికార్డులో నమోదు చేస్తారు. పాత కాగితం మాత్రం అలాగే ఉంటుంది. నా ఉద్దేశంలో అది ఉండటమే మంచిది. మినెసోటా యూనివర్సిటీలో మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే ప్రాజెక్టు వాళ్లు ఇలాంటి దస్తావేజులన్నీ వెతికి మ్యాపు మీద పెట్టారు. మీ వీధి అందులో ఉందేమో చూడండి.

డల్లాస్ బాబాయ్
పాతపుస్తకం మాస్టారు చెప్పినవన్నీ నిజాలే. కానీ కొత్తగా చదివేవాళ్లకి అమెరికా ఆ రోజుల్లో ఇదొక్కటే చేసిందన్న అభిప్రాయం కలగకూడదు. అందుకని రెండో వైపు నేను రాస్తాను.

యుద్ధంలో 1.6 కోట్ల మంది పనిచేశారు. అంతమంది ఒక్కసారి ఇంటికొస్తే ఉద్యోగాలెక్కడివి? మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికులు బోనస్ కోసం 1932లో వాషింగ్టన్‌లో గుడారాలేసుకుంటే సైన్యాన్ని పంపి తరిమేశారు. ఆ మచ్చ అందరికీ గుర్తుంది. అందుకే 1944 జూన్ 22న, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, రూజ్‌వెల్ట్ జీఐ బిల్లు మీద సంతకం పెట్టారు. చదువుకి ఫీజు, నెలనెలా భత్యం, ఇంటి అప్పుకి ప్రభుత్వ గ్యారంటీ, ఉద్యోగం లేకపోతే కొన్నాళ్లు డబ్బు. 1947లో అమెరికా కాలేజీల్లో చేరినవాళ్లలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. మెకానిక్ కొడుకు ఇంజినీరయ్యాడు, రైతు కొడుకు డాక్టరయ్యాడు. మొత్తం 78 లక్షల మంది ఏదో ఒక చదువో శిక్షణో పొందారు.

ఇక ఇళ్లు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప చేలు కొని 1947లో లెవిట్ కంపెనీ ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ఇల్లు 750 చదరపు అడుగులు, రెండు పడక గదులు, పైన అటక ఖాళీగా వదిలేసి మీరే కట్టుకోండి అన్నారు. ఇల్లు కట్టే పనిని ఇరవై ఆరు ఇరవై ఏడు దశలుగా విడగొట్టారు. ఒక బృందం పునాది పోస్తే ఇంకో బృందం కిటికీలు, ఇంకోటి రంగు. ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, ఇక్కడ పనివాళ్లు ఇంటి నుంచి ఇంటికి కదిలేవాళ్లు. ఊపు మీదున్నప్పుడు రోజుకి 30 ఇళ్లు. 1951 నాటికి 17,447 ఇళ్లు. అప్పట్లో ఒకటి 7,990 డాలర్లు, సైనికుడైతే ముందు చేతి నుంచి దాదాపు ఏమీ పెట్టక్కర్లేదు. సొంతిల్లు ఉన్న కుటుంబాలు దేశంలో 1940లో నూటికి 44, 1960కి 62. ఇరవై ఏళ్లలో ఇంత పెద్ద మార్పు తేలిగ్గా జరిగేది కాదు.

పాలమూరు పోరడు
బాబాయ్, గౌరవంతోనే అడుగుతున్నా. ఆ లెవిట్‌టౌన్ మొదటి ఒప్పంద పత్రంలో కూడా గోదారిగట్టు అన్న దస్తావేజులో ఉన్న షరతే ఉంది కదా? కాకేసియన్లు కానివాళ్లు ఉండకూడదు, పనివాళ్లు తప్ప. దేశం కోసం కొట్లాడి వచ్చిన నల్లజాతి సైనికుడు ఆ 7,990 డాలర్లు చేతిలో పట్టుకొని పోయినా ఆ ఇల్లు ఇయ్యలేదు.

పెన్సిల్వేనియాలో కట్టిన రెండో లెవిట్‌టౌన్ సంగతి కూడా రాయాలె. 1957 ఆగస్టులో విలియం మయర్స్, డెయిజీ మయర్స్ అనే దంపతులు అక్కడ ఒక ఇల్లు కొని దిగారు. ఆయన మాజీ సైనికుడు, ఆమె టీచరు. చిన్న పిల్లలు. వందల మంది గుంపు వచ్చి రోజుల తరబడి ఇంటి ముందు నిలబడ్డది. రాళ్లేసి కిటికీ అద్దాలు పగలగొట్టారు. రాష్ట్ర పోలీసులు రావాల్సి వచ్చింది. కొందరు తెల్లజాతి పొరుగువాళ్లు వాళ్లకు అండగా కూడా నిలబడ్డారు, అది కూడా చెప్పాలె. మయర్స్ దంపతులు ఇల్లు విడిచిపోలేదు.

జీఐ బిల్లు విషయానికొస్తే, చట్టంలో ఎక్కడా రంగు గురించి ఒక్క మాట లేదు. కిటుకు అమలులో ఉంది. మిసిసిపీ నుంచి గెలిచిన జాన్ ర్యాంకిన్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆ బిల్లు చూసిన కమిటీకి ఛైర్మన్. పథకం నడిపే అధికారం రాష్ట్రాల చేతిలో, స్థానిక ఆఫీసుల చేతిలో ఉండాలని ఆయన పట్టుబట్టి సాధించుకున్నడు. గ్యారంటీ ప్రభుత్వానిదే, అప్పు ఇచ్చేది మాత్రం ఊర్లో బ్యాంకు. 1947లో మిసిసిపీలో జరిపిన ఒక సర్వేలో 3,229 అప్పులు లెక్క తేలితే, నల్లజాతి సైనికులకు పోయినవి రెండు. రెండు వందలు కాదు, రెండు.

డల్లాస్ బాబాయ్
ఆ రెండు అంకె నాకూ తెలుసు బాబూ, చదివినప్పుడు నాకూ మనసు కలుక్కుమంది. నేను చెప్పేది ఒకటే. ప్రభుత్వం మామూలు జనం మీద పెట్టుబడి పెడితే ఏమవుతుందో ఆ చట్టం చూపించింది. దాన్ని తక్కువ చెయ్యద్దు. లోపం చట్టం ఉద్దేశంలో కాదు, దాన్ని ఎవరి చేతిలో పెట్టారన్నదాంట్లో ఉంది.

పాలమూరు పోరడు
ఎవరి చేతిలో పెట్టాలన్నది తెలిసే నిర్ణయించారు బాబాయ్. దాన్ని లోపం అనను నేను. అది షరతు. ఆ షరతు లేకుంటే దక్షిణాది సభ్యులు ఓటెయ్యరు, బిల్లు పాసవదు.

సింగరేణి బిడ్డ
ఇళ్ల గురించి బాగా రాశారు. కానీ ఆ ఇంటి వాయిదా కట్టడానికి జీతం ఎక్కడి నుంచి వచ్చింది? యూనియన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా.

యుద్ధం అయిపోగానే ఓవర్‌టైమ్ పోయింది, ధరలు పెరిగాయి. 1945 నవంబరులో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకి దిగారు, 113 రోజులు చేశారు. 1946లో ఉక్కు, బొగ్గు, రైల్వే, మాంసం ప్యాకింగ్, దేశమంతా కలిపి 40 లక్షలు దాటిన మంది ఏదో ఒక సమయంలో సమ్మెలో ఉన్నారు. అమెరికా చరిత్రలో అంత పెద్ద సమ్మెల ఏడాది అంతకుముందు లేదు. దానికి జవాబుగా 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వచ్చింది. ట్రూమన్ వీటో చేస్తే కాంగ్రెస్ ఆ వీటోని తోసేసింది. యూనియన్‌లో చేరడం తప్పనిసరి అనే ఒప్పందాల్ని రాష్ట్రాలు నిషేధించుకోవచ్చంది. దక్షిణాది రాష్ట్రాలు వరసగా నిషేధించాయి. తర్వాత ఫ్యాక్టరీలు ఉత్తరాది నుంచి దక్షిణాదికి ఎందుకు కదిలాయో అడిగితే ఇదొక పెద్ద కారణం. యూనియన్ నాయకులు కమ్యూనిస్టులం కాదని ప్రమాణపత్రం ఇవ్వాలన్న నిబంధన కూడా అందులోదే.

1950లో కార్ల కార్మికుల సంఘం, జనరల్ మోటార్స్ ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. ధరలు పెరిగితే జీతం దానంతట అదే పెరుగుతుంది, పింఛను ఉంటుంది, ఆరోగ్య బీమాలో కంపెనీ వాటా ఉంటుంది. బదులుగా ఐదేళ్లు సమ్మె లేదు, ఏ కారు ఎలా తయారు చెయ్యాలన్నది కంపెనీ ఇష్టం. సంఘం నాయకుడు వాల్టర్ రూథర్. 1950ల మధ్యలో దేశంలో జీతగాళ్లలో సుమారు మూడోవంతు యూనియన్ సభ్యులు. నగర శివార్లలో (సబర్బ్‌లో) ఇల్లు, ముందు కారు, వేసవిలో సెలవు, ఈ బొమ్మ వెనక ఆ మూడోవంతు ఉంది. లెవిట్ గారి పుణ్యమో బ్యాంకు పుణ్యమో అనుకుంటే సరిపోదు.

వెన్నెల76
సింగరేణి గారు ఆరోగ్య బీమా మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. నేను న్యూజెర్సీలో ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తాను. ఉద్యోగం పోయిన వాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది బీమా గురించే. జీతం గురించి తర్వాత. వీసా మీద ఉన్న మనవాళ్లకైతే మరీ టెన్షన్. బీమాకి, ఉద్యోగానికి ముడి ఎవరు వేశారు?

సింగరేణి బిడ్డ
వెన్నెల గారూ, ఎవరూ కూర్చుని ప్లాన్ వెయ్యలేదు. యుద్ధ సమయంలో జీతాలు పెంచకూడదని 1942లో కట్టడి పెట్టారు. బీమా లాంటి అదనపు సౌకర్యాలకి మినహాయింపు ఇచ్చారు. మనుషులు దొరక్క కంపెనీలు బీమా ఆశ చూపించి పిలుచుకున్నాయి. 1945 నవంబరులో ట్రూమన్ అందరికీ జాతీయ ఆరోగ్య బీమా కావాలని కాంగ్రెస్‌ని అడిగారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఇది సోషలిజం అని పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. రష్యా భయం ముదురుతున్న రోజులు, ఆ మాటకి ఎదురు నిలవడం కష్టం. బిల్లు ముందుకు సాగలేదు. అప్పుడు యూనియన్లు, ప్రభుత్వం ఇవ్వకపోతే కంపెనీ దగ్గర తీసుకుందామని బేరానికి దిగాయి. 1954 పన్ను చట్టం కంపెనీ కట్టే బీమాకి పన్ను లేదని ఖాయం చేసింది. ముడి గట్టిపడింది. నాకు బాధ కలిగించేది ఏంటంటే, గట్టి యూనియన్ ఉన్నవాళ్లకి దొరికేసరికి అందరి కోసం కొట్లాడే బలం తగ్గిపోయింది.

వెన్నెల76
ధన్యవాదాలండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

ఇక నా వైపు నుంచి ఒక విషయం. పైన అందరూ సైనికుడు, కార్మికుడు, ఇల్లు అంటున్నారు. ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్ల సంగతి? యుద్ధంలో ఓడలు, విమానాలు కట్టిన లక్షల మంది ఆడవాళ్లని మగవాళ్లు తిరిగిరాగానే తీసేశారు. టీవీలో, పత్రికల్లో వంటింటి గృహిణి బొమ్మ. అయినా 1960 నాటికి ఉద్యోగం చేసే ఆడవాళ్లు యుద్ధకాలంలో కన్నా ఎక్కువే. ఇంటి వాయిదాలకి ఒక్క జీతం చాలలేదు. చేరినవి ఎక్కువగా టైపిస్టు, నర్సు, టీచరు, దుకాణం ఉద్యోగాలు. పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు మగవాళ్లకి ఒక పేజీ, ఆడవాళ్లకి ఒక పేజీ విడివిడిగా వేసేవాళ్లు.

1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగాల్లో లింగ వివక్ష కూడా కూడదన్న మాట ఎలా చేరిందో తెలుసా? చేర్చమన్నది వర్జీనియాకి చెందిన హోవర్డ్ స్మిత్. ఆయన ఆ బిల్లుకే గట్టి వ్యతిరేకి. బిల్లుని ముంచడానికే చేశాడని చాలామంది అంటారు. ఆయన ప్రతిపాదన పెట్టగానే సభలో నవ్వులు. మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ లేచి, ఈ నవ్వే చాలు ఆడవాళ్లని మీరెలా చూస్తున్నారో చెప్పడానికి అన్న అర్థంలో మాట్లాడి సభని ఒప్పించింది. అది చట్టమైంది. అయినా బ్యాంకు దగ్గర భర్త సంతకం అడగడం ఆగలేదు. అప్పు ఇవ్వడంలో లింగ వివక్ష కూడదన్న చట్టం 1974లో గానీ రాలేదు. మా ఆసుపత్రిలో రిటైరైన పెద్ద నర్సు ఒకావిడ, విడాకుల తర్వాత తన పేరు మీద కార్డు తెచ్చుకోవడానికి పడ్డ అవస్థ చెబుతుంటే నేను పని ఆపేసి విన్నాను.

ప్రిపరేషన్‌లో ఉన్నా
అందరికీ నమస్కారం. అశోక్‌నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్నా. వరల్డ్ హిస్టరీ నోట్సులో పౌరహక్కుల ఉద్యమం 1955 మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణతో మొదలని రాసుంది. ఇక్కడ చదువుతుంటే అంతకుముందే మొదలైనట్టుంది. ఇంకో సందేహం, లింకన్ పార్టీ రిపబ్లికన్ కదా, మరి నల్లవాళ్ల ఓట్లు డెమొక్రాట్లకి ఎప్పుడు, ఎందుకు వెళ్లాయి?

పాతపుస్తకం
బాబూ, మీ నోట్సులో తేదీ పక్కన ఇంకొక తేదీ రాసుకోండి: 1946 ఫిబ్రవరి 12. ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సార్జెంటు పసిఫిక్ యుద్ధం నుంచి తిరిగొచ్చి, జార్జియాలో సైన్యం నుంచి విడుదలై, ఒంటి మీద యూనిఫారంతోనే ఇంటికి బస్సెక్కాడు. దారిలో బాత్రూంకి ఆపమన్నాడని డ్రైవరుతో మాటామాటా పెరిగింది. సౌత్ కరొలినాలోని బేట్స్‌బర్గ్‌లో డ్రైవరు పోలీసుల్ని పిలిచాడు. పోలీసు అధికారి లాఠీతో కళ్లలో పొడిచాడు. రెండు కళ్లూ పోయాయి. ఆ అధికారి మీద కేసు నడిస్తే అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అరగంటలోపే నిర్దోషి అని తేల్చింది.

ట్రూమన్ మిజూరీ మనిషి, ఆయన ఇంటి పెద్దలు బానిసల్ని ఉంచుకున్నవాళ్లు. ఈ సంగతి విని కదిలిపోయాడు. పౌరహక్కుల మీద కమిటీ వేశాడు, 1948 జూలై 26న సైన్యంలో నల్లవాళ్లని వేరుచేయడం ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు. అదే నెలలో డెమొక్రాట్ల మహాసభలో పౌరహక్కుల తీర్మానం పాసైతే దక్షిణాది ప్రతినిధులు కొందరు లేచి వెళ్లిపోయి స్ట్రామ్ థర్మండ్‌ని అధ్యక్ష పదవికి వేరే నిలబెట్టారు. ఆయన నాలుగు రాష్ట్రాలు గెలిచాడు. మీ రెండో ప్రశ్నకి జవాబు అక్కడ మొదలవుతుంది. నల్లవాళ్ల ఓట్లు రూజ్‌వెల్ట్ కాలం నుంచే డెమొక్రాట్ల వైపు వస్తున్నాయి, ఉపాధి పనుల వల్ల. ఇటు ఉత్తరాది నల్లవాళ్లు, అటు దక్షిణాది శ్వేతజాతి నాయకులు, ఇద్దరూ ఒకే పార్టీలో. ఎన్నాళ్లు కుదురుతుంది?

మాంట్‌గొమరీ గురించి కూడా ఒక మాట. బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్‌ని అరెస్టు చేసిన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు కాలేజీలోకి వెళ్లి మిమియోగ్రాఫ్ మిషన్ మీద తెల్లవార్లూ వేలకొద్దీ కరపత్రాలు తీసింది. ఆడవాళ్ల సంఘం ముందే సిద్ధంగా ఉంది. తర్వాత 381 రోజులు జనం నడిచారు, వందల సొంత కార్లతో స్టాపులు పెట్టుకుని ఒకర్నొకరు దింపుకున్నారు. ఆవేశంతో ఒక్క రోజు బంద్ చెయ్యవచ్చు. ఏడాది పైన నడపాలంటే లెక్కలు రాసేవాళ్లు, పెట్రోలు డబ్బులు పోగుచేసేవాళ్లు, పొద్దున్నే కారు తీసేవాళ్లు ఉండాలి. పరీక్షలో ఇది అడగరేమో గానీ ఉద్యమం అంటే నాకు అదే.

డల్లాస్ బాబాయ్
1964 చట్టానికి ఎవరు ఓటేశారో కూడా ఆ అబ్బాయి తెలుసుకోవాలి. సెనేట్‌లో 73-27. రిపబ్లికన్లు 27 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం. డెమొక్రాట్లలో 46 అనుకూలం, 21 వ్యతిరేకం. దక్షిణాది సభ్యులు వారాల తరబడి సాగదీస్తే, ఆ చర్చ ముగించడానికి ఓట్లు కూడగట్టింది ఇల్లినాయి రిపబ్లికన్ ఎవరెట్ డర్క్‌సన్.

పాలమూరు పోరడు
లెక్క కరెక్టే. కానీ ఆ 21 మంది డెమొక్రాట్లు దాదాపు అందరూ దక్షిణాదివాళ్లే బాబాయ్. పార్టీ కంటే ప్రాంతం చూస్తేనే ఆ ఓటు అర్థమవుతది. ఆ ఆరుగురు రిపబ్లికన్లలో ఒకరు బ్యారీ గోల్డ్‌వాటర్. అదే ఏడాది ఆయన్నే అధ్యక్ష అభ్యర్థిగా పెట్టారు. సొంత రాష్ట్రం ఆరిజోనా కాక ఆయన గెలిచినవి ఐదే రాష్ట్రాలు, ఐదూ లోతట్టు దక్షిణాదివి. 1968లో జార్జ్ వాలెస్ మూడో పార్టీతో ఐదు గెలిచిండు. 1972లో రిపబ్లికన్ నిక్సన్‌కు దక్షిణాది మొత్తం, దేశంలో 49 రాష్ట్రాలు. వందేళ్ల ఓటు ఒక తరంలో తిరిగింది.

గోదారిగట్టు
సెయింట్ పాల్‌లో రోజూ ఐ-94 హైవే మీద ఆఫీసుకి వెళ్తాను. అది రోండో అనే నల్లజాతి పేట మధ్యలోంచి వేశారని ఈ మధ్యే తెలిసింది. దాని గురించి ఎవరైనా...

పాతపుస్తకం
1956 జూన్‌లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన హైవే చట్టం అది. 41,000 మైళ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిది. రాష్ట్రానికి డాలరులో పది సెంట్లే భారం కాబట్టి రోడ్లు ఎక్కడ వీలైతే అక్కడ వేశారు. వీలు అంటే భూమి చవగ్గా ఉన్నచోట, అడ్డుపడే పలుకుబడి లేనిచోట. రెడ్‌లైనింగ్ వల్ల చవకైన పేటలు అవే. రోండోలో వందల ఇళ్లు, దుకాణాలు పోయాయి. ఉత్తరంగా రైలు పట్టాల పక్కన వేస్తే ఇన్ని ఇళ్లు పోవని సెయింట్ పాల్ నగర ప్లానింగ్ ఇంజినీరు జార్జ్ హెరాల్డ్ అప్పుడే చెప్పాడు, వినలేదు. డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్, మయామీలో ఓవర్‌టౌన్, న్యూ ఆర్లీన్స్‌లో క్లేబోర్న్ అవెన్యూ, అన్నీ ఇదే కథ. సెయింట్ పాల్ మేయరు 2015లో రోండో వాళ్లకి క్షమాపణ చెప్పారు. అక్కడివాళ్లు 1983 నుంచి రోండో డేస్ అని ఏటా కలుసుకుంటున్నారు. వీలైతే వెళ్లండి.

వెన్నెల76
మన సంగతి కూడా ఈ కథలోనే ఉంది, అది రాయకుండా ఉండలేను. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1946లో చట్టం మార్చి పౌరసత్వానికి దారి తెరిచారు, కానీ ఏడాదికి భారతీయులు 100 మందే రావాలి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల నుంచి అక్కడే ఉండి, లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో అంత పరిశోధన చేయించి, 1948లో పౌరసత్వం లేకుండానే పోయారు.

తలుపు తెరిచింది 1965 అక్టోబరు 3 నాటి చట్టం. దేశాలవారీ పాత కోటాలు పోయాయి. తూర్పు గోళంలో ఏ దేశానికైనా ఒకే పరిమితి, ఏడాదికి 20,000. అది పెట్టిన ఎమాన్యుయేల్ సెల్లర్ బ్రూక్లిన్ సభ్యుడు. 1924లో పాత కోటాల చట్టాన్ని కొత్త సభ్యుడిగా వ్యతిరేకించాడు, నలభై ఏళ్లు సభలో ఉండి దాన్ని తీయించాడు. 1964 పౌరహక్కుల బిల్లు నడిచిందీ ఆయన కమిటీలోంచే. పుట్టిన జాతిని బట్టి మనిషిని ఆపకూడదని దేశంలోపల ఒప్పుకున్నాక, రేవుల దగ్గర ఆపడం సమర్థించుకోలేకపోయారు.

డల్లాస్ బాబాయ్
అమ్మా, ఒప్పుకుంటాను. అయితే మా తరంవాళ్లు గుంటూరు, కాకినాడ, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో రాత్రింబవళ్లు చదివి, ఇక్కడ మళ్లీ పరీక్షలు రాసి, ఎవరూ వెళ్లని చిన్న ఊళ్లలో పనిచేశారు. ఆ కష్టం కూడా లెక్కలోకి రావాలి.

వెన్నెల76
తప్పకుండా రావాలి బాబాయ్ గారూ. మా పెదనాన్న గారు కూడా అలా వచ్చినవారే. కానీ వాళ్లకి ఉద్యోగం ఎందుకు దొరికిందో కూడా చూడాలి కదా. మెడికేర్ మీద 1965 జూలై 30న సంతకమైంది, మరుసటి ఏడాది అమలైంది. వయసు మళ్లిన పెద్దవాళ్లందరికీ ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం ఇస్తానంది, డాక్టర్లు చాలలేదు. ఆ డబ్బు కావాలంటే ఆసుపత్రులు నల్లవాళ్లకి వేరే వార్డులు తీసేయాలన్న షరతు పెట్టారు. కోర్టులకి ఏళ్లు పట్టే పని చాలా ఆసుపత్రుల్లో నెలల్లో జరిగిపోయింది. మనవాళ్లు అడుగుపెట్టింది అలా అప్పుడే తెరుచుకున్న వార్డుల్లోకి.

ప్రిపరేషన్‌లో ఉన్నా
చివరిగా ఒకటి. ఇంటి షరతులు పోయాయి, బడులు కలపమని 1954లోనే బ్రౌన్ తీర్పు వచ్చింది, 1968లో ఇళ్ల చట్టం వచ్చింది. మరి ఇప్పటికీ పేటలు, బడులు వేరువేరుగానే ఉన్నాయంటారు, ఎందుకు?

పాతపుస్తకం
రెండు తీర్పులు చదవండి. రెండూ 5-4తో వచ్చినవే. 1974లో డెట్రాయిట్ కేసు, మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ. నగరం బడుల్లో తప్పు జరిగితే చుట్టూ ఉన్న సబర్బ్‌ల బడుల్ని అందులో కలపనక్కర్లేదన్నారు. అంటే సబర్బ్‌కి వెళ్లిన తెల్లజాతి కుటుంబానికి బ్రౌన్ తీర్పు దాదాపు వర్తించకుండా పోయింది.

దానికి ముందు ఏడాది టెక్సస్ కేసు. సాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ల పేట. డిమిట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పని చేసే తండ్రి, ఇంకొందరు తల్లిదండ్రులు కేసు వేశారు. ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువ మీద 1.05 డాలర్ల పన్ను, ఆ నగరంలోకెల్లా ఎక్కువ. అయినా ఆ పన్ను నుంచి ఒక్కో పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు. అదే ఊళ్లోని అలామో హైట్స్‌లో పన్ను 85 సెంట్లు, పిల్లవాడికి 333 డాలర్లు. ఎక్కువ పన్ను కట్టే పేదవాడి బడికి తక్కువ డబ్బు. చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు కాబట్టి ఈ తేడా చెల్లుతుందని కోర్టు అంది. జడ్జి థర్‌గుడ్ మార్షల్ గట్టిగా విభేదించారు.

పాలమూరు పోరడు
మనోళ్లు ఇల్లు కొనే ముందు వంటిల్లు కంటే ముందు స్కూల్ రేటింగే చూస్తరు. ఆ రేటింగ్ వెనక ఈ 26, 333 ఉన్నయని ఎంతమందికి తెలుసు?

డల్లాస్ బాబాయ్
టెక్సస్ గురించి కొంత నేను చెప్పాలి. 1989లో మా రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. 1993 నుంచి డబ్బున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం తీసుకుని మిగతావాటికి పంచుతోంది. రాబిన్‌హుడ్ అంటారు. మా కాలనీలో దాని మీద కోపం ఉంది, మన తెలుగువాళ్లలో కూడా. నాకు ఆ డబ్బు వెళ్లడం మీద అభ్యంతరం లేదు. ఎంత తీసుకున్నారు, ఎక్కడికి వెళ్లింది అన్నది స్పష్టంగా చెప్పాలని మాత్రం అడుగుతాను.

పాలమూరు పోరడు
అడగాల్సిందే బాబాయ్. స్కూల్ బోర్డు ఎన్నికలకు మే నెలలో మా దగ్గర జనం అసలే రారు. నేను ఈసారి ఇల్లిల్లూ తిరుగుతున్నా. ఓటు హక్కు ఉన్నవాళ్లు ఎవరైనా డల్లాస్ చుట్టుపక్కల ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి పోదాం.

డల్లాస్ బాబాయ్
పెడుతున్నాను. శనివారాలు నాకు ఖాళీయే.